రైలు పట్టాలు తీసేసిన దారిలో నాన్నతో సైకిల్ ప్రయాణం

ఇంగ్లాండ్ పల్లెల్లో సైకిల్ తొక్కాలని ఇక్కడికి వచ్చిన మనవాళ్ళలో చాలామందికి ఉంటుంది, కానీ ఊళ్ళ మధ్య రోడ్లు చూశాక ధైర్యం చాలదు. రెండు వైపులా మనిషెత్తు కంచెలు, రెండు కార్లు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్ళాల్సినంత ఇరుకు, అయినా చాలా చోట్ల స్పీడ్ లిమిట్ గంటకి 60 మైళ్ళు. అలాంటి రోడ్డు మీద అరవై దాటిన మా నాన్నని సైకిల్ ఎక్కించే ధైర్యం నాకు ఏ కోశానా లేదు. అందుకే ఆయన డెర్బీ వచ్చినప్పుడు పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండల నేషనల్ పార్క్‌లోని పాత రైలు దారులకి తీసుకెళ్ళాను. ఇవి ఒకప్పటి రైల్వే లైన్లు. పట్టాలు పీకేసి, దారి చదును చేసి, సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ గుర్రాలకీ వదిలేశారు. కారన్నది ఆ దారిలోకి రాదు.

ఇంకో కారణం కూడా ఉంది. నాన్న బిట్రగుంటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు, సర్వీసంతా ట్రాక్ పనిలోనే గడిచింది. ఆయనకి లండన్ చూపించినా, కోటలు చూపించినా మర్యాదగా తలూపారే తప్ప పెద్దగా మాట్లాడలేదు. మేముండే డెర్బీ పాత మిడ్‌ల్యాండ్ రైల్వేకి హెడ్‌క్వార్టర్స్ అని చెప్పినప్పుడు మాత్రం కుర్చీలో ముందుకి జరిగారు.

మొదట టిస్సింగ్టన్ ట్రెయిల్. ఆష్‌బోర్న్ నుంచి పార్స్‌లీ హే దాకా 13 మైళ్ళు, అంటే 21 కిలోమీటర్లు. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే వాళ్ళు 1899లో వేసిన లైను. మామూలు ప్యాసింజర్ రైళ్ళు 1954లోనే ఆగిపోయాయి, 1967లో లైను పూర్తిగా మూసేశారు. నేషనల్ పార్క్ వాళ్ళు ఆ దారిని తీసుకుని 1971లో జనానికి తెరిచారు. దేశంలో ఇలా మారిన తొలి రైలు దారుల్లో ఇదొకటి. సైకిళ్ళు అక్కడే అద్దెకి దొరుకుతాయి. నాన్నకి బ్యాటరీ సైకిల్ తీసుకుందామని మా ఆయన అంటే, "ఎందుకు బాబూ, రైలు ఎక్కిన దారిని మనిషి ఎక్కలేడా" అని మామూలు సైకిలే తీసుకున్నారు. సీటు ఎత్తు తనే సరిచేసుకుని, రెండు బ్రేకులూ నొక్కి చూసి, బెల్లు కొట్టి చూసి, అప్పుడు ఎక్కారు.

ఎక్కి కొంచెం దూరం పోయామో లేదో దారి ఒక్కసారిగా కిందికి దిగి, చిన్న వాగు దాటి, మళ్ళీ నిటారుగా పైకి లేచింది. రైలు దారంటే చదునుగా ఉంటుందని చెప్పి తీసుకొచ్చానే అని నాకు టెన్షన్. నాన్న దిగి సైకిల్ నెట్టుకుంటూ అటూ ఇటూ చూసి, "ఇక్కడ వంతెన ఉండాలమ్మాయ్, తీసేశారు" అన్నారు. నిజమే, బెంట్లీ బ్రూక్ మీద రైలు వంతెన ఉండేది, లైను మూశాక పడగొట్టేశారు. అది దాటాక మాత్రం దారంతా ఒకటే తీరు, ఎక్కుతున్నామని కాళ్ళకే తెలుస్తుంది తప్ప కంటికి తెలియదు. రైలింజన్ నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి ఆ రోజుల్లో కొండని కోసి, ఆ మట్టి తెచ్చి పల్లంలో కట్ట పోసి, వాలు ఎక్కడా పెరగకుండా చూసుకున్నారు. ఆ కష్టమంతా రైలు కోసం పడ్డారు, దాని సుఖం ఇప్పుడు మనం అనుభవిస్తున్నాం. నాన్న కటింగ్, అంటే అలా కొండ కోసిన చోటు, వచ్చిన ప్రతిసారీ ఆగి, రాతి మీద తడి ఎక్కడుంది, నీళ్ళు పోయే కాలవ ఎటు తీశారు అని చూస్తూనే ఉన్నారు.

టిస్సింగ్టన్ ఊరు దారి పక్కనే. పెద్ద బంగళా, చెరువులో బాతులు, రాతి ఇళ్ళు, ఊరంతా ఒకే ఎస్టేటు. వేసవి మొదట్లో, క్రైస్తవుల ఆరోహణ పండగ రోజుల్లో, ఇక్కడి బావుల్ని పూలరేకులతో చేసిన బొమ్మలతో అలంకరిస్తారు, పలకల మీద తడి బంకమట్టి పరిచి ఒక్కో రేకూ అద్దుతారట. మేం వెళ్ళినప్పుడు ఆ పండగ లేదు. టీ తాగి బయల్దేరాం.

అసలు విషయం ఆ తర్వాతే. ఊళ్ళు వెనకబడ్డాక రెండు వైపులా పచ్చిక బయళ్ళు, సున్నం సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, గొర్రెలు, అంతే. ముగ్గురం పక్కపక్కనే తొక్కుతున్నాం. రోడ్డు మీదైతే ఒకరి వెనక ఒకరం, వెనకనుంచి వచ్చే బండి శబ్దానికి చెవి అప్పగించి తొక్కుతాం, మాట అన్నదే ఉండదు. ఇక్కడ ఆ భయం లేకపోయేసరికి, నాన్న ఇంట్లో ఎప్పుడూ చెప్పని సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. తుఫాను రాత్రి కట్ట కోసుకుపోతే లాంతరు పట్టుకుని ట్రాక్ మీద నడవడం, అమ్మకి కబురు పంపడానికి దారిలేక తెల్లారేదాకా అక్కడే ఉండిపోవడం. అవన్నీ అమ్మ వైపు నుంచి విన్నాను, ఆయన నోటి వెంట వినడం అదే మొదలు. ఇంత పెద్దయ్యాక తండ్రితో తీరిగ్గా మాట్లాడే చోటు ఎక్కడుంది? ఫోన్లో రెండు నిమిషాలు, పెళ్ళిళ్ళలో హడావిడి. నాకు ఈ దారుల మీద ఇంత ప్రేమ ఎందుకంటే ఇందుకే.

హార్టింగ్టన్ స్టేషన్ దగ్గర పాత సిగ్నల్ క్యాబిన్ ఇంకా ఉంది. మా అదృష్టం, ఆ రోజు తెరిచే ఉంది. మెట్లెక్కి లోపలికి వెళితే లివర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నాన్న వెంటనే ఒక లివర్ మీద అరచెయ్యి వేసి, పట్టు సరిచేసుకుని, కాలు వెనక్కి వేసి లాగే భంగిమలో నిలబడ్డారు. లాగలేదు, ఊరికే పట్టుకున్నారు. అక్కడున్న పెద్దాయన అది చూసి "రైల్వేనా?" అని అడిగారు. నాన్న ఇంగ్లీషు అంతంతే, ఆ పెద్దాయన యాస నాకే సగం అర్థం కాలేదు, అయినా ఇద్దరూ చేతులతో పాయింట్లు, ఇంటర్‌లాకింగ్ అంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేనూ మా ఆయనా కింద బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా ఖాళీ చేశాం.

పార్స్‌లీ హే దగ్గర గాలి గట్టిగా కొడుతుంది, స్వెటర్ తప్పనిసరి. అక్కడ ఇంకో పాత లైను కలుస్తుంది, హై పీక్ ట్రెయిల్. అది ఇంకా పాతది, 1831లో పూర్తయిన క్రామ్‌ఫర్డ్ అండ్ హై పీక్ రైల్వే. మొదట్లో గుర్రాలు లాగేవి, నిటారు చోట్ల ఆవిరి యంత్రాలతో గొలుసు కట్టి బండ్లని పైకి లాగేవారు. హాప్టన్ దగ్గర వాలు 14కి 1, అంటే 14 అడుగులు ముందుకి పోతే ఒక అడుగు ఎత్తు, మామూలు ఇంజన్లు ఎక్కిన వాలుల్లో బ్రిటన్‌లోకెల్లా నిటారైనది అదే. నాన్న నమ్మలేదు. ఫోన్లో చూపించాక కూడా చాలాసేపు తల అడ్డంగా ఊపారు.

తర్వాత ఇంకో రోజు మోన్సాల్ ట్రెయిల్. బేక్‌వెల్ నుంచి బ్లాక్‌వెల్ మిల్ దాకా ఎనిమిదిన్నర మైళ్ళు. ఇది మిడ్‌ల్యాండ్ రైల్వే వాళ్ళ లైను, 1863లో మొదలై 1968లో మూతపడింది. ఇక్కడి గొప్ప సొరంగాలే. పెద్దవి నాలుగూ ఒక్కోటి దాదాపు 400 మీటర్లు, హెడ్‌స్టోన్ అనేది 490 దాకా ఉంటుంది. చాలా ఏళ్ళు వీటిని మూసే ఉంచారు, 2011లో లైట్లు పెట్టి తెరిచారు. బయట ఎండ కాస్తున్నా లోపల చలి, గోడల్లోంచి కారే నీటి చుక్కలు మెడ మీద పడతాయి, పసుపు లైట్ల కింద ఇటుకల మీద పాత ఇంజన్ల మసి ఇంకా నల్లగా కనిపిస్తుంది. ముందు పోతున్న పిల్లలు అరకు రైల్లో సొరంగం రాగానే మన పిల్లలు పెట్టినట్టే కేకలు పెట్టారు.

హెడ్‌స్టోన్ సొరంగం చీకట్లోంచి బయటికి రాగానే నేరుగా వయాడక్ట్ మీదికి, అంటే లోయని దాటించే ఎత్తైన వంతెన మీదికి వస్తాం, ఎంతో కింద వై నది వంపు తిరుగుతూ కనిపిస్తుంది. ఈ వంతెన కట్టినప్పుడు జాన్ రస్కిన్ అనే రచయిత మండిపడ్డాడు, బక్స్‌టన్‌లో ఉన్న మూర్ఖుడు అరగంటలో బేక్‌వెల్ చేరడం కోసం దేవతలు తిరిగే లోయని నాశనం చేశారని. ఇప్పుడు అదే వంతెన ఫొటో కోసం జనం వస్తారు, 1970 నుంచి అది రక్షిత కట్టడం. రస్కిన్ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ వంతెనే లేకపోతే నాన్న ఆ లోయని పైనుంచి చూసేవారే కాదు.

క్రెస్‌బ్రూక్, లిట్టన్ దగ్గర పాత పత్తి మిల్లులు పైనుంచి కనిపిస్తాయి. లిట్టన్ మిల్లులో అనాథ పిల్లల చేత పని చేయించి పెట్టిన బాధల గురించి చదివి ఉన్నాను, అక్కడ ఆగి నాన్నకి చెప్పాను. మిల్లర్స్ డేల్ పక్కన సున్నపు బట్టీలు, కోట గోడలంత ఎత్తు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. చిన్న పిల్లలుంటే మోన్సాల్‌లో హాసప్ స్టేషన్ నుంచి మొదలుపెట్టండి, కాఫీ, అద్దె సైకిళ్ళు అన్నీ అక్కడే ఉన్నాయి, వయాడక్ట్ దాకా వెళ్ళి వచ్చినా చాలు. సొరంగాల్లో లైట్లు పగటిపూటే వెలుగుతాయి, కాబట్టి చలికాలం సాయంత్రాలు సైకిల్‌కి సొంత లైటు ఉండాలి. వానపడితే సున్నపురాతి పొడి తెల్లటి బురదై గొలుసుకి పట్టేస్తుంది, ఆరకముందే కడుక్కోవాలి. టిస్సింగ్టన్‌కి మాత్రం ఆష్‌బోర్న్ వైపు నుంచే వెళ్ళండి. పార్స్‌లీ హేలో మొదలుపెడితే వెళ్ళేటప్పుడు హాయిగా దిగుడు, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు మొత్తం ఎక్కుడు.