పదకొండేళ్ళ క్యూ

మే 13

ఇవాళ్టి తేదీ చూడగానే సెయింట్ లూయిస్ ఓడ గుర్తొచ్చింది. 1939లో ఇదే రోజున హాంబర్గ్ రేవు నుంచి బయల్దేరింది. 937 మంది ప్రయాణికులు, దాదాపు అందరూ యూదులే. క్యూబా దాకా వెళ్ళి, అక్కడ దిగనివ్వకపోతే వెనక్కి తిరిగొచ్చిన ఓడగా దాని పేరు చాలామంది వినే ఉంటారు. అది ఎక్కడానికి ముందు వాళ్ళు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. ఎండకి గడప దాటబుద్ధి కావడం లేదు. ఆ కాగితాల సంగతే రాసి పెడతాను.

1933లో జర్మనీలో యూదులు సుమారు 5 లక్షల 20 వేల మంది. “అంత జరుగుతుంటే ముందే ఎందుకు వెళ్ళిపోలేదు?” అని ఈ చరిత్ర ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వింటే చిరాకొస్తుంది. పొమ్మని తరిమిన ప్రభుత్వమే పోయేవాడి జేబు ఖాళీ చేసింది. జేబు ఖాళీ అయినవాడు మాకొద్దని మిగతా దేశాలు తలుపులేసుకున్నాయి.

జేబు ఖాళీ చేసే పద్ధతి చాలా క్రమంగా ఉండేది. దేశం విడిచి వెళ్ళేవాళ్ళ మీద పన్ను 1931 డిసెంబరులోనే ఉంది. డబ్బున్నవాళ్ళు పెట్టుబడి బయటికి తరలించకుండా హిట్లర్ రాకముందు పెట్టింది. ఆస్తి 2 లక్షల మార్కులు దాటితే అందులో నాలుగో వంతు కట్టాలి. 1934లో నాజీలు ఆ పరిమితిని 50 వేలకి దించారు. దాంతో ఓ దుకాణం, ఓ సొంతిల్లు ఉన్న మధ్యతరగతి వాళ్ళు కూడా దాని కిందకొచ్చారు. కట్టగా మిగిలింది బ్యాంకులో స్తంభింపజేసిన ఖాతాలో పడేది. దాన్ని విదేశీ డబ్బుగా మార్చుకోవాలంటే కోత 1934 జనవరిలో 20 శాతం, 1935 జూన్‌లో 68, 1938 జూన్‌లో 90, 1939 సెప్టెంబరు నాటికి 96. నూరు మార్కులు ఇస్తే నాలుగు మార్కుల విలువ చేతికొచ్చేదన్నమాట. నగదుగా వెంట తీసుకెళ్ళగలిగింది మనిషికి 10 మార్కులే.

సామాన్లకి వేరే తంతు. ప్రతి వస్తువూ పట్టీలో రాయాలి. 1933కి ముందు కొన్నవి ఒకచోట, ఆ తర్వాత కొన్నవి మరోచోట. దుప్పట్లు ఎన్ని, గిన్నెలు ఎన్ని, మేజోళ్ళు ఎన్ని జతలు, అన్నీ. వెళ్ళడం కోసమే కొత్తగా కొన్నవాటికి అదనపు పన్ను. పెట్టె సర్దేటప్పుడు కస్టమ్స్ ఉద్యోగి పక్కనే నిలబడి పట్టీతో సరిచూసేవాడు. 1939 ఫిబ్రవరి నుంచి బంగారం, వెండి ప్రభుత్వ తాకట్టు దుకాణాల్లో అప్పజెప్పాలి, వాళ్ళు ఇచ్చిందే ధర. పెళ్ళి ఉంగరం లాంటి కొద్దిపాటి వస్తువులకే మినహాయింపు.

ఇక పాస్‌పోర్టు. 1938 అక్టోబరు 5 నుంచి దాని మీద ఎర్రటి ‘జె’ ముద్ర ఉంటేనే చెల్లుతుంది. మరుసటి జనవరి నుంచి, యూదు పేరని తెలియని పేరున్న ప్రతి మగవాడూ ‘ఇజ్రాయెల్’, ప్రతి ఆడమనిషీ ‘సారా’ అని అదనంగా చేర్చుకోవాలి. అంటే సరిహద్దు అవతలి గుమాస్తాకి ఒక్క చూపులో తెలిసిపోవాలి.

అమెరికా వీసా సంగతి మనవాళ్ళకి కొంత సులువుగా అర్థమవుతుంది. అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్, బ్యాంకు లెటరు, స్లాట్ లాంటి మాటలు ఇప్పుడు మన ఇళ్ళలో పిల్లలకి కూడా తెలుసు. అప్పుడు దరఖాస్తు 5 కాపీలు, పుట్టిన తేదీ పత్రం 2 కాపీలు, పోలీసుల నుంచి సత్ప్రవర్తన పత్రం, వైద్య పరీక్ష. అమెరికాలో పూచీపడే మనిషి నోటరీ చేయించిన అఫిడవిట్ 6 కాపీలు, ఆయన ఆదాయపు పన్ను రిటర్ను, బ్యాంకు నుంచి ధ్రువీకరణ. దగ్గరి చుట్టమైతే మేలు. సత్ప్రవర్తన పత్రం అడగాల్సింది ఎవరిని? రాత్రిపూట తలుపులు బాదే ఆ పోలీసులనే.

ఇవన్నీ కుదిరినా కోటా ఉంది. జర్మనీ, ఆస్ట్రియా కలిపి ఏడాదికి 27,370 మంది. 1939 జూన్ నాటికి వరసలో ఉన్నవాళ్ళు 3 లక్షల 9 వేల పైమాట. భాగించి చూస్తే పదకొండేళ్ళు దాటుతుంది. పైగా లెక్క పుట్టిన ఊరిని బట్టి, ఉంటున్న ఊరిని బట్టి కాదు. బెర్లిన్‌లో ముప్పై ఏళ్ళుగా కాపురం ఉంటున్నా, పుట్టిన ఊరు మొదటి యుద్ధం తర్వాత పోలండ్‌లోకి పోయుంటే పోలండ్ కోటా కింద నిలబడాలి: ఏడాదికి 6,524. హంగరీకి 869. రొమేనియాకి 377.

అసలు చిక్కు గడువుల దగ్గర. అమెరికా వీసా నాలుగు నెలలే చెల్లుతుంది. పన్ను బాకీ లేదన్న పత్రానికి ఓ గడువు, దారిలో దాటే దేశాల ట్రాన్సిట్ వీసాకి ఇంకో గడువు, ఓడ టికెట్టుకి తేదీ. ఇవన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. ఒకటి చేతికొచ్చేసరికి రెండోది కాలం చెల్లేది, మళ్ళీ మొదటికి. 1938 నవంబరు 9 రాత్రి యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టాక సుమారు 30 వేల మంది మగవాళ్ళని శిబిరాలకి పట్టుకుపోయారు. దేశం వదిలిపోతామని రుజువు చూపితేనే చాలామందిని వదిలారు. ఎక్కడిదైనా సరే, ఓ వీసా కావాలి. అలాంటి తొందరలో కొన్నవే క్యూబా కాగితాలు.

సెయింట్ లూయిస్‌లో ఎక్కువమంది అమెరికా వరసలో ఉన్నవాళ్ళే. తమ నంబరు వచ్చేదాకా హవానాలో తలదాచుకుందామనుకున్నారు. క్యూబా వలసల శాఖాధిపతి బెనీతెజ్ దిగడానికి అనుమతి పత్రాలు అమ్ముకున్నాడు. ఓడ కదలడానికి 8 రోజుల ముందే, మే 5న, అధ్యక్షుడు లరేదో బ్రూ అవి చెల్లవన్నాడు. కొత్త అనుమతికి ఇద్దరు మంత్రుల సంతకాలు, తల ఒక్కింటికి 500 డాలర్ల పూచీ కావాలి. 10 మార్కులతో బయల్దేరినవాళ్ళకి 500 డాలర్లు! హవానాలో దిగింది 28 మంది. ఆత్మహత్యకి ప్రయత్నించిన ఒకర్ని ఆసుపత్రికి దించారు. మిగతావాళ్ళలో 907 మందిని జూన్‌లో బ్రిటన్ (288), ఫ్రాన్స్ (224), బెల్జియం (214), హాలండ్ (181) పంచుకున్నాయి. ఏడాది తిరక్కుండానే జర్మన్ సైన్యం ఈ నాలుగింట్లో మూడింటిని ఆక్రమించింది. 254 మంది నాజీల నరమేధంలో పోయారు.

పాలస్తీనాకి దారి లేదా అంటే, అప్పుడు దాన్ని ఏలుతున్న బ్రిటన్‌కి వెయ్యి పౌన్లు చూపగలిగినవాళ్ళకి ఉంది. 1933 ఆగస్టులో కుదిరిన హవారా ఒప్పందం దాని కోసమే. వెళ్ళేవాడు జర్మనీలో మార్కులు జమ చేస్తే, వాటితో జర్మన్ సరుకు కొని పాలస్తీనాలో అమ్మి, వచ్చిన పౌన్లు అతనికి ఇచ్చేవారు. నాజీలతో బేరమా అని యూదుల్లోనే దీని మీద పెద్ద రగడ జరిగింది. అయినా ప్రాణాలు దక్కించిన బేరమది, తప్పుపట్టడానికి మనసొప్పదు. ఓడ సముద్రంలో ఉండగానే, 1939 మే 17న, బ్రిటన్ శ్వేతపత్రం ఆ దారినీ ఇరుకు చేసింది. అయిదేళ్ళకి 75 వేల మందే అంది.

వేరే చోటు చూసుకోవచ్చుగా అన్న ఆలోచన అంతకు ముందే వచ్చి పోయింది. 1903 ఏప్రిల్‌లో రష్యా ఏలుబడిలోని కిషినేవ్‌లో 49 మంది యూదులని చంపారు. ఆ ఆగస్టులో, యూదులకి సొంత దేశం కావాలన్న జియోనిస్టు ఉద్యమం బాసెల్‌లో జరిపిన సభలో, దాని నాయకుడు హెర్జల్ బ్రిటన్ ఇస్తానన్న భూమి గురించి చెప్పాడు. ఉగాండా పథకం అన్నారు గానీ ఆ నేల ఇప్పటి కెన్యాలో ఉంది. చూసి రావడానికి బృందాన్ని పంపాలని 295 మంది, వద్దని 178 మంది. గట్టిగా ఎదురుతిరిగింది రష్యా ప్రతినిధులే. దెబ్బలు తింటున్నవాళ్ళే వద్దన్నారు. 1905లో ఆ మాట పూర్తిగా కొట్టేశారు.

1948లో పాలస్తీనాలోనే ఇజ్రాయెల్ దేశం వచ్చింది. అప్పుడు జరిగిన యుద్ధంలో 7 లక్షల మంది దాకా పాలస్తీనా అరబ్బులు ఊళ్ళు వదలాల్సొచ్చింది. వాళ్ళకి తిరిగొచ్చే కాగితం ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. ఈ మాట దాటేసి ఆ దేశం కథ చెప్పడం సగం చెప్పడమే. 1950 జులై 5న ఇజ్రాయెల్ రిటర్న్ చట్టం చేసింది. యూదుడైతే చాలు, రావచ్చు. అఫిడవిట్ లేదు, కోటా లేదు, వెయ్యి పౌన్లు లేవు. 1970లో తాతో అమ్మమ్మో యూదులైనా చాలన్నారు.

అయితే యూదుడని ఎవరు ఒప్పుకోవాలి? తామూ యూదులమేననే మణిపూర్, మిజోరంల బెనె మెనాషె వాళ్ళని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ (మతగురువు) ఒప్పుకున్నారు; వేలమంది వెళ్ళారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో సబ్బాతు పాటిస్తూ, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకుంటున్న బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలకి అలాంటి గుర్తింపు రాలేదు.