మొదటి రాత్రి ఎక్కించిన పదకొండు యాప్‌లూ పీకేశాను

ముందు నేను చేసిన తప్పు చెప్పేస్తాను. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక స్టోర్‌లో "పిల్లల లెక్కల ఆటలు" అని కొట్టి, నాలుగున్నర స్టార్లు దాటినవన్నీ వరసగా ట్యాబ్‌లో ఎక్కించేశాను. మొత్తం పదకొండు. పెద్దాడికి పదేళ్లు, చిన్నదానికి ఏడు, ఇన్నింటిలో ఇద్దరికీ పనికొచ్చేవి రెండు మూడైనా ఉండకపోతాయా అనుకున్నా. ఎలాగూ ట్యాబ్ వదలడం లేదు, ఆ గంటసేపట్లో నాలుగు లెక్కలు బుర్రకెక్కినా నా గిల్టు కాస్త తగ్గుతుందని ఆశ. నెల తిరిగేసరికి ఆ పదకొండులో ఒక్కటీ మిగల్లేదు.

తేడా ఎక్కడుందో ముందు చిన్నదాని వేలు చూస్తే తెలిసింది. కూడికల ఆట ఒకటి ఉండేది, పైన లెక్క, కింద నాలుగు బుడగలు, సరైన బుడగ పేలిస్తే స్టార్, స్టార్లు పోగైతే పిల్లిపిల్లకి కొత్త టోపీ. రోజూ ఇరవై లెక్కలు చేస్తోందని ఆ యాప్ నాకు రిపోర్టు కూడా పంపేది, నేను మురిసిపోయేదాన్ని. ఒకరోజు వెనక కూర్చుని చూశాను. పిల్ల అసలు పైకి చూడటమే లేదు. వేలు ఎడమ నుంచి కుడికి, టక్, టక్, టక్, మూడోదో నాలుగోదో పేలుతుంది, వెంటనే తర్వాతి లెక్క. తప్పు నొక్కితే "బుయ్" మని ఒక శబ్దం తప్ప పోయేదేం లేదు. రెండు నిమిషాల్లో ఇరవై లెక్కలూ అయిపోయాయి. "లెక్క చూడకుండా నొక్కుతున్నావేంటే?" అంటే, "చూస్తే లేటవుతుందమ్మా" అంది. దాని లెక్క దానికి కరెక్టే. ఆ ఆటలో టోపీ తెచ్చిపెట్టేది వేలి స్పీడు, కూడిక కాదు.

రెండో దెబ్బ పెద్దాడి వైపు నుంచి, అది డబ్బు దెబ్బ. ఒక యాప్‌లో మూడు లెవెల్స్ అయ్యాక తాళం పడింది. తియ్యాలంటే పెద్దవాళ్లని నిరూపించుకోవాలట, 7 × 8 ఎంత అని అడుగుతుంది. ఏడాదంతా ఎక్కాలు బట్టీ పట్టిన పదేళ్లవాడిని ఆపడానికి ఇదా తాళం! 56 కొట్టి లోపలికెళ్లి ఏడు రోజుల ఫ్రీ ట్రయల్ ఆన్ చేసేశాడు. నా కార్డు అకౌంట్‌లోనే ఉంది, కొన్న ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగాలన్న సెట్టింగ్ నేనే పెట్టుకోలేదు. నాలుగు రోజులకి వాడికి విసుగొచ్చింది, నేను యాప్ తీసేశా, కథ కంచికి చేరిందనుకున్నా. తర్వాత మెసేజ్ వచ్చింది, డబ్బు కట్ అయింది. అప్పుడు తెలిసింది, యాప్ డిలీట్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు, స్టోర్ అకౌంట్‌లో సబ్‌స్క్రిప్షన్స్ అన్నచోటికి వెళ్లి విడిగా క్యాన్సిల్ కొట్టాలి. ఆ యాప్ మావాడితో నిజంగా చెప్పించిన ఎక్కం ఆ 7 × 8 ఒక్కటే అని ఇంట్లో ఇప్పటికీ నన్ను ఏడిపిస్తారు. ఆ తర్వాతే బుద్ధి తెచ్చుకుని ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్‌తో పిల్లల అకౌంట్ విడిగా పెట్టాను. ఆపిల్ వాడేవాళ్లకి ఫ్యామిలీ షేరింగ్‌లో ఆస్క్ టు బై అని ఉంటుంది, పిల్లలు ఏది కొనబోయినా ముందు మన ఫోన్‌కి అడుగుతూ వస్తుంది.

ఇంకో సంగతి, స్టోర్‌లో యాప్ కింద 3+ అని రాసుంటే మూడేళ్ల నుంచి నేర్చుకోవచ్చు కాబోలు అనుకునేదాన్ని. దానర్థం అది కాదు. భయపెట్టేవీ, నిజంగా కొట్టుకున్నట్టుండేవీ, బూతులూ లేవని మాత్రమే. ఏమైనా నేర్పుతుందా లేదా అన్నదానితో ఆ నంబరుకి సంబంధమే లేదు, కాలిక్యులేటర్ యాప్‌కీ 3+ అనే ఉంటుంది.

ఈ చిరాకులో అటూ ఇటూ చదువుతుంటే హాబ్‌గుడ్, ఐన్స్‌వర్త్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో రాసిన వ్యాసం సంగతి కంటబడింది. వాళ్లు జాంబీ డివిజన్ అని ఒక ఆట తయారుచేశారు. అస్థిపంజరాలు ఎదురొస్తాయి, ఒక్కోదాని మీద ఒక సంఖ్య, దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్య ఉన్న ఆయుధంతో కొడితేనే కూలుతుంది. అదే ఆటని ఇంకో రకంగానూ చేశారు, ఇందులో యుద్ధంలో లెక్కల్లేవు, లెవెల్ అయ్యాక భాగహారాల క్విజ్ వస్తుంది. 58 మంది పిల్లలతో ఆడిస్తే మొదటి రకం ఆడినవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు. మీ ఇష్టం, ఏది కావాలంటే అది ఆడుకోండని ఇంకో 16 మందిని వదిలేస్తే మొదటిదాని మీద ఏడు రెట్లు ఎక్కువసేపు కూర్చున్నారట. చిన్న ప్రయోగమే కానీ నాకు మాత్రం మా పిల్లి టోపీ కళ్లముందు మెదిలింది. చేదు మాత్రకి పంచదార పూసి ఇస్తే పిల్లలు పంచదార నాకేసి మాత్ర ఉమ్మేస్తారు, మా ఇంట్లో అదే జరుగుతోంది.

అప్పటినుంచి కొత్తది ఏది చూసినా నాదొకటే ప్రశ్న, ఇందులోంచి లెక్క పీకేస్తే ఆట ఇంకా నడుస్తుందా? నడిస్తే ఆ లెక్క గేటు దగ్గర టికెట్ చింపే మనిషి లాంటిది, లోపలి ఆటతో దానికి పనిలేదు. పిల్లలకి ఇచ్చే ముందు ఇరవై నిమిషాలు నేనే ఆడతాను, నెట్ లేకున్నా నడుస్తుందో లేదో తెలియడానికి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కావాలనే తప్పులు కొడుతూ. తప్పు కొట్టినప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది. చాలావాటిలో ఒక ఎర్ర ఇంటూ గుర్తు, అంతే. కొన్ని జవాబు చెప్పేసి ముందుకెళ్లిపోతాయి. నువ్వు చేసినదానివల్ల ఏమైందో చూపించేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్పెల్లింగ్ ఆటకి మన లొకేషన్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అది అడిగిందంటే ఇక ఆలోచించేదే లేదు.

నిలబడ్డవాటిలో జీకాంప్రీ ఒకటి. 2000లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్, 2 నుంచి 10 ఏళ్ల పిల్లలకి, వందకి పైగా ఆటలుంటాయి, యాడ్స్ లేవు. బొమ్మలు చూస్తే కాస్త పాతకాలంగా అనిపిస్తాయి, కొన్ని ఆటలు మామూలు క్విజ్‌లే, అవి మేం ముట్టుకోం. కానీ నీటి చక్రం ఆట మా చిన్నదాన్ని కట్టిపడేసింది. పెంగ్విన్ చేపలవేట నుంచి తిరిగొచ్చింది, స్నానం చెయ్యాలి, నీళ్లు లేవు. సూర్యుణ్ణి నొక్కితే పైకొస్తాడు, ఆ తర్వాత మబ్బు పడుతుంది, మబ్బుని నొక్కితే వాన, ఆపైన పంపు. వరస తప్పితే షవర్‌లో చుక్క రాదు. మా పిల్ల ముందు షవర్ నొక్కి, రాలేదని పంపు నొక్కి, చివరికి వెనక్కి వెనక్కి వెళ్లి సూర్యుడి దగ్గర తేలింది. మూడో రోజు బాత్‌రూమ్‌లోంచి అరిచింది, "అమ్మా, ఈ మురికినీళ్లు ఎక్కడికెళ్తాయి?"

డ్రాగన్‌బాక్స్ అనే బీజగణితం ఆట గురించి కొంచెమే చెప్తా. మొదట్లో అంకెలే ఉండవు, బొమ్మల కార్డులు జరుపుతూ పెట్టెని ఒక పక్కన ఒంటరిగా మిగల్చాలి, లెవెల్స్ గడిచేకొద్దీ ఆ పెట్టె కాస్తా x అవుతుంది. మావాడు మూడ్రోజుల్లో బోలెడు లెవెల్స్ దాటేశాడు. సరే కదా అని కాగితం మీద x + 3 = 7 రాసిస్తే తెల్లమొహం వేశాడు! పక్కనే పెట్టె గీసి చూపిస్తే అప్పుడు "ఓ ఇదా" అన్నాడు. కాగితం మీదికి తెచ్చే పని మనదే, ఏ యాప్ చెయ్యదు.

వాడికి అన్నిటికంటే పట్టింది స్క్రాచ్, అంటే పిల్లలు బ్లాకులు పేర్చి తెర మీది బొమ్మల్ని కదిలించే ప్రోగ్రామింగ్. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో విడుదల చేశారు, ఉచితం, 8 నుంచి 16 ఏళ్ల వాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసింది. సైట్‌లో కొత్తవాళ్లతో కామెంట్లవీ ఉంటాయి కాబట్టి మేం ఇంటర్నెట్ అక్కర్లేని వెర్షన్ ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాం. అందులో ఉండే పిల్లి బొమ్మ నడిచినచోటల్లా గీత పడేలా చేసి త్రిభుజం గీద్దామనుకున్నాడు. త్రిభుజంలో కోణం 60 కదా అని 100 అడుగులు, 60 డిగ్రీలు తిరుగు, మూడుసార్లు అని పెట్టాడు. రాలేదు, గిన్నె బోర్లించినట్టు ఏదో వచ్చింది. మూడుని ఆరు చేశాడు, షడ్భుజి వచ్చింది! అదెలా వచ్చిందో వాడికీ తెలీదు, నేనూ నోరెత్తలేదు, నిజం చెప్పాలంటే నాకూ వెంటనే తట్టలేదు. కాసేపటికి లేచి గదిలో తనే పిల్లిలా నడిచాడు, మూల దగ్గర ఆగి, తిరిగి, మళ్లీ నడిచి, "అమ్మా, తిరగాల్సింది లోపలి కోణం కాదు, బయటిది" అన్నాడు. 120 పెట్టాడు, త్రిభుజం మూసుకుంది. 1967లో సీమోర్ పాపర్ట్, మరికొందరు కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష చేశారు, తర్వాత అందులోకి వచ్చిన, గీతలు గీసే "తాబేలు"తో పిల్లల చేత గీయించింది ఇలాంటివేనని తర్వాత చదివాను.

చిన్నదానికి స్క్రాచ్‌జూనియర్ పెట్టా, అది 5 నుంచి 7 ఏళ్లవాళ్లకి, చదవనక్కర్లేదు, అన్నీ బొమ్మల బ్లాకులే. పిల్లి టోపీ ఆట తీసేశానని వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడని మనిషి, ఇందులో బొమ్మలేసే చోటు కనబడగానే పిల్లికి టోపీ వేసేసింది. ఊదారంగు, తలకంటే పెద్దది.

ఇప్పుడు దానికి చదవడం కోసం ఏదైనా దొరుకుతుందేమోనని చూస్తున్నా. నిన్న ఒకటి దించాను, కథలు బాగున్నట్టే ఉన్నాయి కానీ ఫ్లైట్ మోడ్ పెట్టగానే తెరుచుకోనంది. ఇంకొకటుంది, రేపు పిల్లలు పడుకున్నాక కూర్చోవాలి.