మా పాప తుంటి ఆపరేషన్, ఆరు వారాల పిండికట్టు

మా పాప పద్నాలుగో నెలలో నడక మొదలుపెట్టింది. బాతులా ఒక పక్కకి ఒరిగి నడుస్తుంటే ముద్దొచ్చి బోలెడు వీడియోలు తీశాం, ఇప్పుడు అవి తెరిచి చూడలేను. మా అత్తయ్య ఒక్కరే నీళ్లు పోసేటప్పుడల్లా "ఎడమ కాలు పొట్టిగా ఉందేంటమ్మా" అనేవారు. డాక్టరుగారేమో కొత్త నడక కదా, సర్దుకుంటుందన్నారు. అలా నాలుగు నెలలు పోయాయి.

చివరికి ఖమ్మం నుంచి హైదరాబాద్ తీసుకెళ్లి పిల్లల ఎముకల డాక్టరుకి చూపించాం. వెల్లకిలా పడుకోబెట్టి రెండు మోకాళ్లూ మడిస్తే ఎడమది కిందికి ఉంది, ఎక్స్‌రే తీయకముందే ఆయనకు అర్థమైపోయింది. తొడ ఎముక పైన బంతిలా ఉండే తల, తుంటి గిన్నెలో కూర్చోకుండా పైకి జారిపోయిందట. కడుపులో ఎదురుకాళ్లతో ఉందా అని అడిగారు. ఉంది, అందుకే సిజేరియన్ చేశారు. అలాంటి పిల్లలకి ఆరు వారాలప్పుడే తుంటికి అల్ట్రాసౌండ్ తీయాలట, ఆరు నెలల లోపు బయటపడితే చాలామందికి పావ్లిక్ హార్నెస్ అనే బెల్టుతోనే సరిపోతుందట. మాకు ఒక్కరూ చెప్పలేదు, ఆ కోపం నాకింకా పోలేదు.

ఏడాదిన్నర దాటింది కాబట్టి ఓపెన్ రిడక్షన్, దాంతోపాటే సాల్టర్ ఆస్టియోటమీ చేశారు. అంటే బంతిని గిన్నెలోకి చేర్చి, గిన్నె పైన కటి ఎముకను కోసి కిందికి వంచి, సందులో ఎముక ముక్క పెట్టి వైర్లు గుచ్చడం.

ఆపరేషన్ ఒక్క రోజు టెన్షన్, అసలు పరీక్ష పిండికట్టే. రొమ్ముల కింద నుంచి ఎడమ పాదం దాకా, కుడివైపు మోకాలి పైదాకా, మధ్యలో డైపర్‌కి కాస్త ఖాళీ. చిన్న సైజు డైపర్ కట్టు లోపలికి దోపి, పైన పెద్దది వేయడం నాకు మూడు రోజులకి గానీ చేతకాలేదు, ఈలోగా కట్టు అంచు తడిసి ఒకటే వాసన. రాత్రిళ్లు కూడా రెండేసి గంటలకి పక్క మార్చాలి. దురదకి దువ్వెనలూ పుల్లలూ లోపల పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి చాలు.

కట్టు కోశాక కాలు పుల్లలా ఉంది, ముట్టుకుంటే ఏడుపు. ముందు దేకింది, తర్వాత గోడ పట్టుకుంది. కుంటు పోవడానికి ఆర్నెల్లు పైనే పట్టింది, ఇప్పటికీ ఏడాదికోసారి ఎక్స్‌రే ఉంటుంది.

తర్వాత పుట్టిన బాబుకి ఆరు వారాలకే స్కాన్ తీయించాం, బాగానే ఉంది. కాళ్లు చాపి గుడ్డలో బిగించి చుట్టొద్దు, చంకనేసుకుంటే మంచిదే అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ అత్తయ్య వాణ్ణి కిందకి దించితే ఒట్టు.