గిన్నెడు ఆకుకూర

గతేడాది చంద్రగిరి దగ్గర స్కూటర్ మీంచి పడి ఎడమ కాలు విరిగింది. ఆరు వారాలు కట్టు. అది విప్పిన వారానికే పిక్క వాచి రాయిలా గట్టిపడింది. తిరుపతిలో డాప్లర్ స్కాన్ తీస్తే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందన్నారు. కొన్నాళ్లు పొట్ట మీద ఇంజక్షన్లు, వాటితోపాటే రక్తం తేలిగ్గా గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర మొదలుపెట్టారు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలో అంకె 2కీ 3కీ మధ్య ఉండాలి. తగ్గితే మళ్లీ గడ్డ కట్టే ప్రమాదం, పెరిగితే రక్తస్రావం భయం.

అమ్మ దిగులు వేరు. "మంచంలో పడి చిక్కిపొయినావు పాపా, రక్తం పట్టాలంటే ఆకు తినాల" అంటూ రెండు పూటలా పెట్టేది. ఒకరోజు మునగాకు వేపుడు, ఒకరోజు పాలకూర పప్పు, సంగటిలోకి తోటకూర పులగూర. ఐఎన్ఆర్ 1.3కి పడిపోయింది.

ఏం తింటున్నావని డాక్టరమ్మ అడిగాకే విషయం తెలిసింది. రక్తం గడ్డకట్టడానికి కాలేయం తయారుచేసే 2, 7, 9, 10 ఫ్యాక్టర్లనే ప్రొటీన్లకు విటమిన్ కె కావాలి. ఒంట్లో వాడిన విటమిన్ కె మళ్లీ పనికి రాకుండా వార్ఫరిన్ అడ్డుపడుతుంది. మాత్ర అడ్డుకుంటుంటే నేను కొత్తగా పోస్తూనే ఉన్నాను. 100 గ్రాముల పచ్చి పాలకూరలో విటమిన్ కె 400 మైక్రోగ్రాములకు పైనే ఉంటుంది. మనిషికి రోజుకు 100 అటూ ఇటూ చాలు.

మాత్ర డోసు పెంచారు. నేనేమో భయపడి ఆకుకూర పూర్తిగా మానేశాను. చారులో కొత్తిమీర కూడా ఏరి పక్కన పెట్టేదాన్ని. మూడు వారాలకు ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే నురగ ఎర్రగా వచ్చింది. నాలుగుసార్లు పుక్కిలించినా ఆగలేదు. ఎక్కడా తగలకుండానే మోచేతి కింద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. ఐఎన్ఆర్ 4.8. ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను.

"ఆకుకూర మానమన్నానా అమ్మా? రోజూ ఒకే కొలతగా తినమన్నాను" అన్నారు డాక్టరమ్మ. ఒంట్లో విటమిన్ కె మరీ తక్కువైతే చిన్న తేడాకే అంకె ఊగిపోతుందట. రెండు రోజులు మాత్ర ఆపి, డోసు సరిచేశారు.

అమ్మ ఒక చిన్న స్టీలు గిన్నె పక్కన పెట్టింది. ఏ ఆకైనా సరే, వండింది మధ్యాహ్నం ఆ గిన్నెడే. తర్వాత పరీక్షల్లో 2.2, 2.5, 2.4.

ఆరు నెలలకు డాక్టరమ్మ మాత్ర ఆపేశారు. ఆ రోజు అమ్మ రైతుబజారు నుంచి రెండు కట్టల పాలకూర తెచ్చి వండింది. గిన్నె తియ్యకుండా నేరుగా కంచంలోకే వడ్డించింది.