సుంకాల పట్టికలో లేని వరుస

సౌదీ అరేబియాలోని దమ్మామ్ రేవుకు దగ్గరలో ఒక చిన్న కస్టమ్స్ క్లియరెన్స్ ఆఫీసు. 2009లో అక్కడ చేరినప్పుడు నా పని కాగితాలు సరిచూడటం. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఓడలో సరుకు ఎక్కించినట్టు రసీదయిన బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే సర్టిఫికెట్ - ఈ నాలుగూ ఒకదానితో ఒకటి కలవాలి. బరువులో కాస్త తేడా కనిపించినా కంటైనరు రేవులోనే ఉండిపోయేది, రోజుకింత చొప్పున అద్దె పెరిగేది. రెండేళ్ల తరువాత హెచ్‌ఎస్ కోడ్ వేసే పని నాకు అప్పగించారు. ఎగుమతి దిగుమతుల్లో ప్రతి వస్తువుకూ ఒక అంకెల పేరు ఉంటుంది. అందులో మొదటి ఆరు అంకెలు దాదాపు అన్ని దేశాలకూ ఒకటే. సిరామిక్ టైల్స్ అయితే 6907తో మొదలవుతాయి. రాత్రి గదికి వెళ్లాక కూడా ఆ అంకెలే కళ్ల ముందు తిరిగేవి. ఆ పని నాకు ఎంతో ఇష్టం.

ఆ పట్టిక వెనక ఎంత పెద్ద బేరం జరిగిందో మా ఆఫీసులోని సూడాన్ దేశపు పెద్దాయన చెప్పాకే నాకు తెలిసింది. సౌదీ అరేబియా పన్నెండేళ్లు చర్చలు జరిపి, 2005 డిసెంబరు 11న 149వ సభ్యదేశంగా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. చేరేటప్పుడు ఒక్కో వస్తువు మీద సుంకం ఎంత దాటకూడదో రాసి ఇచ్చింది. దాన్ని బౌండ్ రేటు అంటారు. రేవులో నిజంగా వసూలు చేసేది వేరు. 2003లో గల్ఫ్ దేశాలు ఆరూ కలిసి కస్టమ్స్ యూనియన్ పెట్టుకుని చాలా సరుకులకు 5 శాతం సుంకం ఖాయం చేసుకున్నాయి. చాలా వస్తువుల విషయంలో ఈ రెండు అంకెలకూ మధ్య ఖాళీ ఉంటుంది. ప్రభుత్వానికి రాబడి కావలసినప్పుడు, లేదా స్వదేశీ ఫ్యాక్టరీలను కాపాడుకోవలసినప్పుడు, ఆ ఖాళీలో పైకి జరగవచ్చు. బౌండ్ రేటు దాటితే మాత్రం తక్కిన దేశాలు నిలదీస్తాయి. 2020 జూన్‌లో వేల రకాల సరుకుల మీద సుంకం పెంచినప్పుడు ఆ పెంపు చాలావరకు ఈ ఖాళీలోనే జరిగింది. ఆ వారమంతా రాత్రి తెల్లవార్లూ కూర్చుని కొత్త రేట్లను మా ఖాతాదారుల జాబితాతో పోల్చి చూశాం.

అసలు ఇదంతా చమురు ధరతో మొదలైంది. 2014 నడిమిలో బ్యారెల్ వంద డాలర్ల పైన ఉండేది, 2016 జనవరికి ముప్పై కిందికి పడిపోయింది. ఆ ఏప్రిల్‌లోనే, చమురు మీద ఆధారం తగ్గించుకునే దేశ ప్రణాళిక విజన్ 2030 ప్రకటించారు. చమురేతర స్థూల ఉత్పత్తిలో చమురేతర ఎగుమతుల వాటా 16 శాతం ఉంది, దాన్ని 50కి తీసుకువెళ్లాలన్నారు. ఉద్యోగాల్లో స్త్రీల వాటాను 22 నుంచి 30 శాతానికి పెంచాలన్నారు. ఈ లక్ష్యాల్లో తప్పు పట్టవలసింది నాకేమీ కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు. నేల కింద దొరికే ఒక్క వస్తువు మీద దేశమంతా బతకడం ఎంత ప్రమాదమో ఆ రెండేళ్లలో మా వీధిలోనే చూశాను. నిర్మాణ సంస్థల బిల్లులు ఆగిపోయాయి. నెలల తరబడి జీతాలు రాక, క్యాంపుల్లో మనవాళ్లు పప్పూ బియ్యం అప్పు తెచ్చుకుని వండుకున్నారు.

మార్పు మా బల్లల మీద కూడా కనిపించింది. ఒకప్పుడు ఒక్కో ఫైలు పట్టుకుని ముద్రల కోసం కిటికీ కిటికీకీ తిరిగేవాళ్లం. ఫసహ్ అనే ఒకే ఆన్‌లైన్ వేదిక వచ్చాక పత్రాలన్నీ అక్కడే ఎక్కించే పద్ధతి వచ్చింది. ఓడ రేవుకు రాకముందే బయాన్, అంటే సరుకు డిక్లరేషన్, సమర్పించడం మామూలయింది. దీని వెనక కూడా ఒక ఒప్పందం ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం 2017 ఫిబ్రవరి 22న అమలులోకి వచ్చింది. ఒకే కిటికీ, ముందస్తు పత్రాలు, రుసుములను బహిరంగంగా ప్రచురించడం అందులోని అంశాలే. ఒప్పందపు బాధ్యత, దేశపు ప్రణాళిక ఒకే దిశలో నడిస్తే పని ఎంత తేలికవుతుందో ఆ రోజుల్లో చూశాను.

రెండూ వేర్వేరు దిశల్లో లాగిన సందర్భాలూ ఉన్నాయి. మా దగ్గర టైల్స్ తెప్పించుకునే ఒక వ్యాపారి ఉండేవాడు. గుజరాత్ నుంచి ఆయన సరుకు నెలనెలా వచ్చేది. భారత్, చైనాల టైల్స్ మరీ తక్కువ ధరకు వచ్చి పడి తమను దెబ్బ తీస్తున్నాయని గల్ఫ్ ఉత్పత్తిదారులు ఫిర్యాదు చేశారు. విచారణ జరిగి, 2020లో వాటి మీద యాంటీ డంపింగ్ సుంకం పడింది. ఆ ఫైలు నేనే చదివి ఆయనకు వివరించాను. ఊరికే సుంకం వేయడానికి లేదు. విచారణ మొదలైందని ముందుగా ప్రకటించాలి. ఎగుమతిదారులకు ప్రశ్నపత్రాలు పంపి, వాళ్ల జవాబులు వినాలి. ధరలో తేడా ఎంతో లెక్క కట్టాలి, స్థానిక పరిశ్రమకు నష్టం జరిగిందని నిరూపించాలి. సుంకం వేసినా అయిదేళ్లకు మళ్లీ సమీక్షించాలి, లేకపోతే అది రద్దవుతుంది. వ్యాపారి గంటసేపు తల పట్టుకుని కూర్చున్నాడు గానీ, లేచేటప్పుడు తన లెక్క తనకు తెలిసింది. ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎవరికి విన్నవించుకోవాలి అన్నీ కాగితం మీద ఉన్నాయి.

ఆ ఫైలు మూసినప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఇంటి లెక్క.

2017 జులై నుంచి విదేశీ ఉద్యోగుల కుటుంబసభ్యుల మీద రుసుము మొదలైంది. తలకు నెలకు 100 రియాళ్లు, ఏటా మరో వంద పెరిగి 2020 నాటికి 400. దాన్ని ఇఖామా, అంటే నివాస అనుమతి, రెన్యువల్ సమయంలో ఏడాదికి సరిపడా ఒకేసారి కట్టాలి. మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. మొదటి ఏడు 3,600, రెండో ఏడు 7,200. ఆ రేటున 2020కి 14,400 అవుతుందని వంటగది గట్టు మీద కాగితం పెట్టి మా ఆవిడే లెక్క వేసింది. నా జీతం అదే నిష్పత్తిలో పెరిగే దారి లేదు. పెద్దమ్మాయి నాలుగో తరగతి పరీక్షలు రాశాక ముగ్గురినీ విమానం ఎక్కించాను. ఆ వేసవిలో మా భవనంలో పదహారు ఇళ్లకు గాను తొమ్మిది ఖాళీ అయ్యాయి.

నా మీద కంపెనీ కట్టేది వేరే ఉంది. సౌదీల కంటే విదేశీయులు ఎక్కువగా ఉన్న సంస్థలు 2018 నుంచి ఒక్కొక్కరికి నెలకు 400 రియాళ్లు, మరుసటి ఏడు 600, ఆ తరువాత 800 చొప్పున కట్టాలి. పరిశ్రమలు నిలదొక్కుకోవాలని 2019 అక్టోబరు నుంచి పారిశ్రామిక లైసెన్సు ఉన్నవాటి తరఫున ఈ రుసుమును అయిదేళ్లు ప్రభుత్వమే భరించడానికి ఒప్పుకుంది. ఫ్యాక్టరీలో ఉన్న మనిషి ప్రణాళికలో ఇమిడాడు. మాలాంటి సేవల ఆఫీసుల్లోని వాడు ఇమడలేదు.

టైలు మీద సుంకానికి బౌండ్ రేటు ఉన్నట్టు, మనిషి మీద రుసుముకు ఎక్కడైనా పరిమితి ఉందా అని వెతికాను. వాణిజ్య సంస్థ ఒప్పందాల్లో సేవలకు సంబంధించినది ఒకటి ఉంది, గాట్స్ అంటారు. సేవలు అందించడానికి మనుషులు తాత్కాలికంగా వేరే దేశానికి వెళ్లడం కూడా దాని పరిధిలోకి వస్తుంది. దాని అనుబంధంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మరో దేశపు ఉద్యోగ విపణిలో చోటు కోరుకునే వ్యక్తులకు సంబంధించిన చర్యలకు ఇది వర్తించదని ఆ వాక్యం. అంటే నా ఇఖామా, దాని మీది రుసుము, నేను ఏ ఉద్యోగం చేయవచ్చు ఏది చేయకూడదు అనేవన్నీ ఆ పుస్తకం బయటే. ఇది ఒక్క సౌదీ సంగతి కాదు, సంతకం చేసిన దేశాలన్నీ ఒప్పుకున్న మాట. మన దేశమూ అందులో ఉంది. విదేశాల్లో ఇంతమంది కష్టం మీద బతుకుతున్న మన దేశం వాణిజ్య చర్చలకు కూర్చున్నప్పుడల్లా వలస కూలీ మీద పడే రుసుములకు కూడా ఒక వరుస అడగాలని నా కోరిక. పెంచవద్దని అనడం లేదు. ముందుగా చెప్పి, ఒక పైగీత గీసి, వినతి వినే చోటు ఒకటి చూపమంటున్నాను. టైలుకు ఆ మూడూ ఉన్నాయి.

2021 డిసెంబరు 30 నుంచి కస్టమ్స్ క్లియరెన్స్ ఉద్యోగాలు సౌదీ పౌరులకే అనే నియమం అమలయింది. క్లియరెన్స్ క్లర్కు, బ్రోకరు, అనువాదకుడు, అన్నీ. మా ఆఫీసులో నలుగురం కదలవలసి వచ్చింది. అదే ఏడు మార్చిలో వచ్చిన సంస్కరణ వల్ల యజమాని సమ్మతి లేకుండానే వేరే సంస్థకు మారే వీలు కలిగింది కాబట్టి, నేను ఒక గిడ్డంగిలో స్టాకు లెక్కల ఉద్యోగం సంపాదించుకోగలిగాను. జీతం కొంత తగ్గింది.

నా కుర్చీలోకి వచ్చింది ఇరవై నాలుగేళ్ల సౌదీ అమ్మాయి, విశ్వవిద్యాలయంలో వ్యాపార శాస్త్రం చదివింది. తానే కారు నడుపుకుంటూ వచ్చేది. రెండు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. ఆమె మీద నాకు కోపం రాలేదు. వాళ్ల నాన్న తరంలో ఆ కుర్చీ దాకా రాగలిగిన ఆడపిల్ల లేదు. పని ఆమెకు అబ్బింది కూడా. మూడో వారంలోనే, ఒక పంపు భాగాన్ని నేను తప్పు శీర్షిక కింద వేశానని పట్టుకుంది. వెళ్లే రోజున నా సుంకాల పట్టిక ప్రతిని ఆమెకే ఇచ్చాను. అంచుల్లో నేను పెన్సిలుతో రాసుకున్న తెలుగు అక్షరాలు ఏమిటని అడిగితే, ఒక్కో పేజీలో రెండు మూడు చదివి వినిపించాను. ఆమె వాటి పక్కనే అరబీలో రాసుకుంది.

ఇప్పటికీ నెలకోసారి ఫోను చేస్తుంది. ఎమిరేట్స్‌లో సుంకాల మినహాయింపు ఉండే ఫ్రీ జోన్‌లో తయారైన ప్లాస్టిక్ పైపుల లారీ ఒకటి సరిహద్దులో ఆగిందని పోయిన వారం చేసింది. 2021 జులై నుంచి ఫ్రీ జోన్ సరుకుకు గల్ఫ్ స్వదేశీ గుర్తింపు లేదు, పూర్తి సుంకం కట్టాలి అన్నాను. ఆ సంగతి తనకు తెలుసట. కాకపోతే డ్రైవరు మూడు రోజులుగా లారీలోనే పడుకుంటున్నాడు, అతని వీసా ఎల్లుండితో అయిపోతుంది, అందుకు ఏ అధ్యాయం చూడాలి ఉస్తాద్ అని అడిగింది. ఏ అధ్యాయంలోనూ లేదని చెప్పి, సరిహద్దులో నాకు తెలిసిన ఒకాయన నంబరు ఇచ్చాను.