బీ ఫారం జనమే ఇచ్చే ఊళ్ళో ఒక రాత్రి

"టికెట్ ఎవరికివ్వాలో జనాన్ని అడగడమేంట్రా?" అన్నాడు నాన్న తెనాలి నుంచి ఫోన్లో. "మరి పార్టీ ఎందుకు?"

2008 జనవరి 2, బుధవారం. ఆఫీసుకి రెండ్రోజులు సెలవు పెట్టి, నేపర్‌విల్ నుంచి ఐయోవా రాష్ట్రంలో అక్కా వాళ్ళింటికి కారులో బయల్దేరుతున్నాను. మర్నాడు రాత్రి అక్కడ కాకస్, అంటే పార్టీవాళ్ళ ఊరిసభలు. అమెరికా అధ్యక్ష పదవికి ఏ పార్టీ ఎవర్ని నిలబెట్టాలో తేల్చే వరుసలో అన్నిటికన్నా ముందు జరిగేది. ఇదంతా నాన్నకి ఎలా చెప్పాలో తెలియక, "మన దగ్గర బీ ఫారం హైకమాండ్ ఇస్తుంది కదా, ఇక్కడ జనం ఇస్తారు" అన్నాను. నాన్న కాసేపు ఆలోచించి, "అయితే డబ్బు రెండుసార్లు పంచాలన్నమాట" అన్నాడు. మనిషి ముప్ఫయ్యేళ్ళు ఎన్నికల డ్యూటీలు చేసిన టీచరు. ఆయన అనుమానాలు ఆయనవి.

నేపర్‌విల్ నుంచి డిమోయిన్ దాదాపు 300 మైళ్ళు. (డెస్ మోయిన్స్ అని రాస్తారు, ఎస్సులు రెండూ మింగేస్తారు. నేను ఏడాదిపాటు రెండూ పలికి పరువు పోగొట్టుకున్నాను.) లె క్లేర్ దగ్గర మిసిసిపీ దాటితే ఐయోవా. కృష్ణ బ్యారేజీ మీద లారీ వెనక నిమిషాల తరబడి పాకినవాణ్ణి, అంత పేరున్న నది ఒక్క నిమిషంలో అయిపోతే ఏదో మోసం జరిగినట్టనిపించింది. నది దాటిన కాసేపటికి నా ప్రయాణానికి అసలు కష్టం మొదలైంది. ట్రక్కులు రోడ్డు మీది ఉప్పునీళ్ళు అద్దం మీదికి చిమ్ముతున్నాయి, వైపర్ నీళ్ళు గడ్డకట్టాయి. చలికాలానిది కాకుండా చవగ్గా దొరికిందని వేసవి రకం పోయించుకున్న ఘనత నాదే. వాల్‌కాట్ దగ్గర పెద్ద ట్రక్ స్టాప్ దాకా అద్దంలో అరచెయ్యంత సందులోంచి చూస్తూ నడిపాను. అక్కడినుంచి అటూ ఇటూ కోసేసిన మొక్కజొన్న చేలు, మంచులోంచి మోళ్ళు పొడుచుకొచ్చి, గడ్డం గీయని ముఖంలా.

అక్కా వాళ్ళ వీధిలోకి తిరగ్గానే తెలిసింది, ఎన్నికల ఊరికే వచ్చానని. ప్రతి ఇంటి ముందూ మంచులో గుచ్చిన అట్టబోర్డులు. అక్కా వాళ్ళ వాకిట్లో మూడు! ఒబామాది, హిల్లరీది, జో బైడెన్‌ది.

"ఇంట్లో ముగ్గురం, మూడు పార్టీలు" అంది అక్క తలుపు తీస్తూ. పార్టీ ఒకటే, డెమొక్రాట్లు. మనుషులే మూడు.

బావది బైడెన్. ఆయన సెనేట్ విదేశాంగ కమిటీ ఛైర్మన్ అనీ, ఇండియాతో అణు ఒప్పందానికి అనుకూలమనీ బావకి గట్టి గురి. అక్కది హిల్లరీ. "ఇందిరాగాంధీని చూస్తూ పెరిగాం, ఇక్కడ ఇంకా ఒక్క ఆడది కూడా కాలేదంటే నాకు ఎబ్బెట్టుగా ఉందిరా" అంటుంది. మా మేనకోడలిది ఒబామా. దానికి అప్పటికి పదిహేడే. నవంబరు ఎన్నికనాటికి పద్దెనిమిది నిండితే కాకస్‌లో కూర్చోవచ్చని అక్కడి నియమం. సెప్టెంబరులో పుట్టినందుకు జీవితంలో మొదటిసారి సంతోషించానని చెప్పింది. సెలవులన్నీ ఒబామా ఆఫీసులో ఫోన్లు చేస్తూ, తలుపులు తడుతూ గడిపింది.

ఫోన్ల సంగతి చెప్పాలి. ఆ రాత్రి అన్నం తింటుండగా ల్యాండ్‌లైన్ తొమ్మిదిసార్లు మోగింది. ఒకసారి రికార్డు చేసిన గొంతు, ఒకసారి సర్వే, ఒకసారి "మీ పిల్లల్ని మేం చూసుకుంటాం, మీరు కాకస్‌కి రండి" అని ఎవరో కార్యకర్త. పదోసారి అక్క ప్లగ్గు పీకేసింది.

బల్లమీద మడతపెట్టిన డిమోయిన్ రిజిస్టర్ పత్రిక ఉంది. దాని సర్వేలో ఒబామాకి 32, హిల్లరీకి 25, పోటీలో ఉన్న మరో డెమొక్రాట్ జాన్ ఎడ్వర్డ్స్‌కి 24 శాతం. అసలు గొడవ ఆ అంకెల మీద కాదు. వచ్చేవాళ్ళలో 60 శాతం మంది జీవితంలో మొదటిసారి కాకస్‌కి వస్తారని అందులో ఉంది. మిగతా శిబిరాలు ఇదంతా వట్టిదని కొట్టిపారేశాయి. బావా అంతే. "పంతొమ్మిదేళ్ళ నుంచి ఇక్కడున్నాను. కుర్రాళ్ళు చొక్కాలు వేసుకుంటారు, సభలకెళ్ళి ఈలలేస్తారు, రాత్రి ఏడింటికి చలిలో స్కూలుకి మాత్రం రారు." మేనకోడలు ఏమీ అనలేదు, పెరుగన్నం కలుపుకుంటూ నావంక చూసి కన్నుకొట్టింది.

అక్క ఎందుకో ఆ మాటల్లోకి రాలేదు. తర్వాత గిన్నెలు సర్దుతుంటే చెప్పింది. ఆమె ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తుంది. రేపు మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండున్నర దాకా డ్యూటీ. మార్చుకుందామని నలుగుర్ని అడిగింది, పండగ సెలవుల్లో ఎవరూ దొరకలేదు. కాకస్‌కి పోస్టల్ ఓటు లేదు, ముందే వేసిరావడం లేదు, ఒకరి బదులు ఒకరు లేదు. ఏడింటికల్లా మనిషి అక్కడ ఉండాలి, లేకపోతే లేనట్టే.

"మీ బైడెన్ ఎలాగూ తేలడు" అంది బావతో. "అప్పుడు నా తరఫున హిల్లరీ వైపు నిలబడండి."

"సరే" అన్నాడు బావ. నేను సాక్షిని.

గురువారం సాయంత్రం ఆరుంపావుకి బయల్దేరాం. స్కూలు అరమైలు దూరం లేదు, కారు పెట్టడానికి మాత్రం అరగంట పట్టింది. వరుస తలుపు బయటికొచ్చి, జెండా కర్ర చుట్టూ తిరిగి, పార్కింగ్‌లోకి పాకింది. ఊపిరి వదిలితే పొగ. మా ఊళ్ళో ఓటు వరుస అంటే ఏప్రిల్ ఎండ, నెత్తిన తువ్వాలు, నీళ్ళ కుండ. ఇక్కడ చేతిసంచిలో కాఫీ ఫ్లాస్కు, ఒక ముసలమ్మ ఆక్సిజన్ సిలిండరుతో చక్రాల కుర్చీలో. ఆమె వెనక కుర్రాళ్ళు. సెలవులకి కాలేజీల నుంచి ఇంటికొచ్చినవాళ్ళు, ఇంకా కాలేజీకి పోనివాళ్ళు. బావ వరుసని అటు చివర్నుంచి ఇటు చివరిదాకా ఒకసారి చూసి, మఫ్లర్ ముక్కుమీదికి లాక్కున్నాడు.

లోపల బల్లమీద కొత్తగా పేరు రాయించుకునే ఫారాలు ఆరూ నలభైకే అయిపోయాయి. ఎవరో స్కూలు ఆఫీసులోకి పరిగెత్తి జిరాక్సులు తీసుకొచ్చారు. ఇండిపెండెంట్లు, రిపబ్లికన్లు కూడా అప్పటికప్పుడు పార్టీ మార్చుకుని డెమొక్రాట్ల వరుసలో నిలబడొచ్చు. నాకు ఓటు లేదు కాబట్టి చొక్కాకి 'అబ్జర్వర్' అని కాగితం అంటించి గోడవారకి పంపారు. హెచ్1బి వాడికి ఇక్కడ ఓటుండదు. తెనాలిలో జాబితా నుంచి నా పేరు ఎప్పుడో కొట్టేశారు. భూగోళం మీద ఎక్కడా ఓటు లేనివాడు, ఇంతకన్నా నిష్పక్షపాతమైన పరిశీలకుడు ఎక్కడ దొరుకుతాడు?

అదే స్కూల్లో వసారా అవతల రిపబ్లికన్లది. ఒకసారి తొంగిచూశాను. అక్కడ పని తేలిక. నాలుగు మాటలు మాట్లాడాక తెల్ల చీటీ మీద పేరు రాసి పెట్టెలో వెయ్యడమే. చర్చి నుంచి బస్సులో కలిసొచ్చినట్టున్న కుటుంబాలు చాలా కనిపించాయి. ఆ రాత్రి రిపబ్లికన్ల వైపు గెలిచిన మైక్ హకబీ వెనక ఎవరున్నారో ఆ గదిలోనే సగం అర్థమైంది.

డెమొక్రాట్ల వైపు చీటీ లేదు, పెట్టె లేదు, గుడ్డ తెర అసలే లేదు. స్కూలు భోజనశాలలో గోడలకి అభ్యర్థుల పేర్లు అంటించారు. ఎవరికి వేస్తావో వాళ్ళ గోడ దగ్గరికి నడిచి నిలబడాలి. అంతే ఓటు. పక్కింటాయన, పిల్లల టీచరు, కటింగ్ చేసే ఆయన, అందరూ చూస్తుండగా.

అంతకు ముందు ఒక ముచ్చట జరిగింది. ఆ సభకి అధ్యక్షుణ్ణి ఎన్నుకుని, ఎవరివో ఉత్తరాలు చదివాక, ఒక గోధుమరంగు కవరు చేతులు మారుతూ వచ్చింది. పార్టీ ఖర్చులకి తోచినంత వెయ్యమని. బావ ఐదు డాలర్లు వేసి నాకందించాడు. మర్నాడు నాన్నకి ఇది చెబితే ఆయన నమ్మలేదు. "ఓటెయ్యడానికొచ్చినవాళ్ళ దగ్గర వాళ్ళే వసూలు చేశారా?" అని రెండుసార్లు అడిగి, అమ్మని పిలిచి మళ్ళీ చెప్పించాడు.

తర్వాత లెక్క. ఒక్కొక్కళ్ళు తమ అంకె తామే అరిచి చెప్పాలి. ఒబామా గోడ దగ్గర మేనకోడలు "డెబ్భై మూడు!" అని అరిచిన అరుపు వంటగదిలోకి వినబడి ఉంటుంది. మొత్తం గదిలో 280 మంది. ఒబామాకి 118, హిల్లరీకి 66, ఎడ్వర్డ్స్‌కి 61. బైడెన్‌కి 19, రిచర్డ్‌సన్‌కి 14. ఎటూ తేల్చుకోనివాళ్ళు ఇద్దరు, నా పక్కనే బిస్కెట్లు తింటూ.

నియమం ఏమిటంటే, గదిలో 15 శాతం లేని గుంపు నిలవదు. అంటే 42 మంది కావాలి. బైడెన్ వాళ్ళు, రిచర్డ్‌సన్ వాళ్ళు, ఆ ఇద్దరూ కలిసినా 35. కలవడానికి ప్రయత్నించారు, ఎవరి పేరు కింద అన్నదాని దగ్గర చెడింది. అక్కడినుంచి వేట మొదలు. అరగంటలో ఈ అనాథలు వేరే గోడకి చేరాలి, లేదా ఇంటికి పోవాలి. మూడు గోడల నుంచీ మనుషులు వాళ్ళ మీద పడ్డారు. పెళ్ళిచూపుల నాడు పిల్లవాడి చుట్టూ చేరినట్టు. కేకలు లేవు, బెదిరింపులు లేవు, "మీ కుక్కకి ఎలా ఉంది" అని మొదలెట్టి ఆరోగ్య బీమాలోకి వస్తున్నారు.

బావ దగ్గరికి ముందు హిల్లరీ గోడ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చింది. మేనకోడలికి మూడో తరగతి చెప్పిన ఆవిడట. బావ నవ్వుతూ తలాడిస్తున్నాడు, అడుగు అటు పడబోతోంది కూడా. ఇంతలో మేనకోడలు వచ్చి ఎదురుగా నిలబడింది. ఇంట్లో అంత వాగుడుకాయ, అక్కడ దానికి మాట రాలేదు. ఫోన్లో వేలమందికి చెప్పి అరిగిపోయిన మాటలేవీ అనలేదు. బావ కోటు చెయ్యి పట్టుకుని, "నాన్నా, రా" అంది. మామూలుగా అది ఆయన్ని డాడీ అంటుంది.

బావ నావంక చూశాడు. నేను గోడమీది భోజనాల పట్టికలోకి చూశాను. సోమవారం, పీట్జా.

ఏడున్నర దాటాక మళ్ళీ లెక్కపెట్టినప్పుడు బావ ఒబామా గోడ దగ్గర, కూతురి వెనక, తల కొంచెం వంచుకుని తన అంకె చెప్పాడు. ఎవరో ఆయన కోటుకి గుండ్రటి స్టిక్కరు అంటించారు.

ఇంటికొచ్చి పులిహోర తింటూ టీవీ పెట్టాం. ఒబామాకి 37 శాతం దాటింది. ఎడ్వర్డ్స్, హిల్లరీ ఇద్దరూ 30కి అటూ ఇటూ, హిల్లరీ వెంట్రుకవాసి తేడాతో మూడోస్థానం. బైడెన్‌కి రాష్ట్రం మొత్తం మీద ఒక శాతం కూడా రాలేదు, ఆ రాత్రే తప్పుకున్నాడు. (2020 నవంబరు నుంచి బావ ఫోన్ చేసినప్పుడల్లా "నేనెప్పుడో చెప్పాను" అనే మొదలుపెడతాడు. ఆ ఏడాది కూడా ఐయోవా బైడెన్‌ని నాలుగో స్థానంలో కూర్చోబెట్టిందనీ, తర్వాత డెమొక్రాట్లు ఐయోవాని మొదటి స్థానం నుంచే తప్పించారనీ నేను గుర్తుచేస్తుంటాను.)

డెమొక్రాట్ల వైపే దాదాపు 2,39,000 మంది వచ్చారు. 2004లో వచ్చింది 1,24,000. రిపబ్లికన్ల వైపు 1,19,000 దాకా, అదీ వాళ్ళకి రికార్డే. డెమొక్రాట్లలో మొదటిసారి వచ్చినవాళ్ళు 57 శాతం, ముప్ఫై లోపువాళ్ళు 22 శాతం, అరవయ్యైదు దాటినవాళ్ళతో సమానంగా. టీవీవాళ్ళు జనసముద్రం అంటున్నారు. నేను మనసులో లెక్క వేసుకున్నాను. రాష్ట్ర జనాభా 30 లక్షలు. రెండు పార్టీలవీ కలిపినా వచ్చింది మూడున్నర లక్షల చిల్లర. మన దగ్గర రెండు మూడు అసెంబ్లీ నియోజకవర్గాల్లో పడే ఓట్లు. ఆ మాట పైకి అనలేదు. "ఈ రోజు ఎప్పటికీ రాదన్నారు" అని ఒబామా ఉపన్యాసం మొదలుపెట్టేసరికి మేనకోడలు ఏడుస్తోంది, ఆ సమయంలో శాతాలు చెప్పే మామయ్య ఎవరికి కావాలి?

అది పెదవి చప్పరించడానికి వేసుకున్న లెక్క కూడా కాదు. ఆ రాత్రి రానివాళ్ళంతా ఆసక్తి లేనివాళ్ళు కారని నాకు తెలుసు. ఆ ఇంట్లో హిల్లరీ ఆరోగ్య బీమా పథకం మొత్తం చదివిన మనిషి ఆ సమయానికి మందు బిళ్ళలు లెక్కపెడుతోంది.

పదకొండూ నలభైకి గ్యారేజీ తలుపు చప్పుడైంది. బావ చటుక్కున లేచి పొయ్యి వెలిగించాడు. అక్క బూట్లు విప్పి, "వరుసలు రోడ్డుదాకా ఉన్నాయటగా, మా దగ్గర పేషెంట్లు కూడా అదే మాట" అంటూ లోపలికొచ్చింది. హిల్లరీ సంగతి ఆమెకి అప్పటికే తెలుసు. మేనకోడల్ని దగ్గరికి తీసుకుని, "గెలిచారుగా, ఇంక పడుకో" అంది. తర్వాత తన కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించబోయింది. అక్కడ బావ కోటు ఉంది.

"ఏవండీ, ఇదేంటి?" అంది స్టిక్కరు మీద వేలు పెట్టి.

బావ వెనక్కి తిరగలేదు. "పప్పుచారు వేడి చేశాను" అన్నాడు. "అప్పడాలు వేయించనా?"