మేమాపితే సరిపోద్దా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా ఎచ్చెర్ల తీరంలో ఇంజను బోట్లకు వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పు తీరమంతా అదే రూలు. ఆ 61 రోజులూ మా మావయ్య కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చిరుగులు అల్లుకుంటూ కూర్చుంటాడు. చేతులు ఎంత వేగంగా ఆడతాయో నోరూ అంతే.

"మావొక్కలం ఆపితే సాల్దురా. అవతల బంగ్లాదేశోడు కూడా ఆపాల కదా. ఇక్కడ గుడ్డెట్టిన సేప అటెల్లి ఆడి వల్లో పడిపోతాది."

ఈ మాట నేను చాలా ఏళ్లు చాదస్తం కింద కొట్టేశాను గానీ, అందులో నిజం ఉంది. బంగ్లాదేశ్‌లోనూ నిషేధం ఉండేది, కాకపోతే మే 20 నుంచి జూలై 23 వరకు. అంటే మనవాళ్లు బోట్లు ఒడ్డుకెక్కించాక నెల రోజుల పైనే వాళ్లు వేటాడేవారు. జూన్ 15న మనం దిగేసరికి వాళ్లింకా ఒడ్డునే ఉండేవారు. మేం ఖాళీగా ఉంటే ఇండియా బోట్లొచ్చి ఊడ్చుకుపోతున్నాయని వాళ్ల జాలర్ల గోల. ఇటు మావయ్య తిట్టు, అటు వాళ్ల తిట్టు! గోదావరికి ఎదురీదే పులస, బంగ్లాదేశ్‌లో పద్మా నదికి ఎదురీదే ఇలిష్ ఒకే జాతి. సముద్రంలో దానికి సరిహద్దేముంది?

2025లో బంగ్లాదేశ్ తేదీలు మార్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 వరకు, 58 రోజులు. దాదాపు మనతో కలిసిపోయింది. నా లెక్కలో మత్స్య సంపద విషయంలో రెండు దేశాలు చేయగలిగిన మంచి పనుల్లో ఇదొకటి. పైసా ఖర్చు లేదు, క్యాలెండరు సర్దుకున్నారు, అంతే. వార్త ఫోన్లో చూపిస్తే మావయ్య అల్లిక ఆపకుండానే "ఇప్పుడైనా బుద్దొచ్చినాది" అన్నాడు. ఎవరికో చెప్పలేదు.

పెద్ద వేదికల మీద బేరం ఇంత తేలిగ్గా తెగదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో 2022లో కుదిరిన చేపల సబ్సిడీల ఒప్పందం 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. దొంగవేటకు, ఇప్పటికే తరిగిపోయిన చేపల వేటకు సర్కారు సొమ్ము ఇవ్వకూడదని దాని సారం. మితిమీరి పడవలు పెంచే సబ్సిడీల మీద చర్చలో, వాటిని ఆపడానికి మన దేశం 25 ఏళ్ల గడువు అడిగింది. దూర సముద్రాలను దశాబ్దాలుగా తోడేసుకున్న దేశాలు, తెప్పకు పోసే డీజిలు రాయితీ దగ్గర మనకు నీతులు చెప్పడమేంటని నేనూ అంటాను. అయితే తెప్పల పేరు చెప్పి పెద్ద ట్రాలర్లు కూడా ఆ గొడుగులో దూరకూడదు. 2025 నవంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఎల్‌ఈడీ లైట్ల వేటను, రెండు బోట్లు కలిసి లాగే ట్రాలింగును నిషేధించాయి. మంచిదే. కాపలా ఎంత ఉంటుందో చూడాలి.

నిషేధ కాలానికి ఇచ్చే సాయం పది వేల నుంచి ఇరవై వేలైంది. 2025 ఏప్రిల్ 26న మా బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి ఆ పథకం మొదలుపెట్టారు. రెండు నెలలకు ఇరవై వేలంటే ఇల్లు గడిచీ గడవనట్టే, కాదనను. అయినా మా కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు వలస పోయేది ఈ రెండు నెలల వల్ల కాదు. 2018 నవంబరులో అక్కడి నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన ఉత్తరాంధ్ర వాళ్లలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. అది తెలిసీ వెళ్తున్నారు. ఇక్కడ పెద్ద బోటు కట్టుకోను రేవు లేదు, కెరటాల్లోంచి తెప్పను భుజాలతో తోసుకురావాలి. అక్కడ నెల జీతం. బుడగట్లపాలెం హార్బరు పూర్తయితే మా మేనబావ తిరిగొస్తానంటున్నాడు.